అటక మీది స్పెక్ట్రమ్ మళ్ళీ లేచింది: నూజివీడులో ఒక 48కె కంప్యూటర్ రిపేర్ కథ

మన సైట్‌లో వారానికి రెండు మూడు కొత్త ఫోన్లు చూస్తూనే ఉంటాం. 8 జీబీ ర్యామ్, 12 జీబీ ర్యామ్, "ఈ రేటుకి 6 జీబీయేనా?" అని కామెడీలు. ఈసారి నా టేబుల్ మీదకొచ్చిన డివైస్‌లో ర్యామ్ 48 కేబీ. జీబీ కాదు, ఎంబీ కూడా కాదు. 8 జీబీ ఫోన్ దీనికంటే లక్షా డెబ్బై నాలుగు వేల రెట్లు పెద్దది. అయినా గత నెలంతా నా ఫోన్ కంటే దీన్నే ఎక్కువసార్లు ముట్టుకున్నా.

మే నెలలో నూజివీడు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళా. రసాలు దిగే టైమ్. కాయలు మాగేయడానికి అటక మీద గడ్డి పరచమని మావయ్య పైకి ఎక్కించారు. అక్కడ ఎరువుల సంచిలో చుట్టిన ఒక అట్టపెట్టె దొరికింది. తెరిస్తే నల్లటి కీబోర్డు, పక్కన ఎర్ర రబ్బరు బ్యాండ్ చుట్టిన ఒక క్యాసెట్. కీబోర్డు మీద "డీబీ స్పెక్ట్రమ్+" అని ఉంది.

కింద నుంచి మావయ్య అడిగారు, "ఏంట్రా అంత సైలెంట్ అయిపోయావ్, పామేమైనా ఉందా?"

"పాము కాదు మావయ్యా, కంప్యూటర్."

కాసేపు ఆయన ఏం మాట్లాడలేదు. తర్వాత, "అది చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. క్యాసెట్ ఉందా, చూడు" అన్నారు. కంప్యూటర్ కంటే ముందు క్యాసెట్ గురించి అడగడం అప్పుడు నాకు వింతగా అనిపించింది.

అసలేంటీ మెషీన్?

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌ని రిలీజ్ చేసింది. 16కె మోడల్ 125 పౌండ్లు, 48కె మోడల్ 175 పౌండ్లు. ఇంట్లో ఉన్న టీవీనే మానిటర్, ఇంట్లో ఉన్న టేప్ రికార్డరే స్టోరేజ్. 1984లో గట్టి కీలు, పక్కన రీసెట్ బటన్ పెట్టి స్పెక్ట్రమ్+ తెచ్చారు. దాన్నే డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ లైసెన్స్ తీసుకుని 1986లో మన దేశంలో డీబీ స్పెక్ట్రమ్+ పేరుతో అమ్మింది.

ఇండియాలో అప్పటి సీన్ కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ 1960ల చివర నుంచే కంప్యూటర్లు తయారు చేస్తోంది, కానీ అవి ల్యాబులకీ ఆఫీసులకీ. 1984లో కేంద్రం మొదలుపెట్టిన క్లాస్ ప్రాజెక్టులో కొన్ని వందల స్కూళ్ళకి బీబీసీ మైక్రోలు వెళ్ళాయి. ఇంట్లోకి కంప్యూటర్ రావడం మాత్రం చాలా అరుదు. ఈ రోజు నూజివీడు అంటే ట్రిపుల్ ఐటీ గుర్తొస్తుంది, కానీ అది మొదలైందే 2008లో. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1988లో, డిగ్రీ చదివే మా మావయ్య మామిడి తోట డబ్బుల్లో తన వాటా అడిగి మరీ దీన్ని కొన్నారట. తాతయ్యకి అస్సలు నచ్చలేదు.

స్పెక్స్ చూద్దాం:

ప్రాసెసర్: జెడ్80ఏ, 3.5 మెగాహెర్ట్జ్
రామ్: 16 కేబీ. అందులోనే బేసిక్ లాంగ్వేజ్ మొత్తం
ర్యామ్: 48 కేబీ. మన ప్రోగ్రామ్‌కి మిగిలేది సుమారు 41 కేబీ
డిస్‌ప్లే: 256 × 192 పిక్సెల్స్, 15 రంగులు
స్టోరేజ్: మామూలు ఆడియో క్యాసెట్
పవర్: 9 వోల్టుల అడాప్టర్, సెంటర్ నెగటివ్

ఆఖరి లైన్ మళ్ళీ ఒకసారి చదవండి. కథ మొత్తం అక్కడే ఉంది.

ఎలా చచ్చిపోయింది?

ఇప్పుడు మన రౌటర్లకీ, సెట్‌టాప్ బాక్సులకీ వచ్చే అడాప్టర్లలో పిన్ లోపలి భాగం పాజిటివ్, బయటి రింగ్ నెగటివ్. స్పెక్ట్రమ్‌కి ఇది రివర్స్. 1990లో ఒరిజినల్ అడాప్టర్ పోతే మావయ్య దగ్గర్లోని ఒక రేడియో షాపులో "తొమ్మిది వోల్టులది ఇవ్వండి" అని అడిగి తెచ్చుకున్నారు. వోల్టేజ్ కరెక్టే, పిన్ కూడా సరిపోయింది, పొలారిటీయే తిరగబడింది. స్విచ్ వేయగానే సన్నగా కాలిన వాసన. అంతే, మళ్ళీ లేవలేదు.

తాతయ్య ఒకటే మాట అన్నారట: "పెట్టె చెప్పే లెక్క నమ్ముకుంటే ఇంతే." ఆ మాట మావయ్యకి ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే ఆ పెట్టెలో ఆయన పెట్టింది ఆటలు కాదు, తోట లెక్క. 38 రసం చెట్లు, చెట్టుకి ఎన్ని కాయలు దిగాయి, మూడు సీజన్లు. పూత మీదే తోటని గుత్తకి ఇచ్చేస్తే ఎంత నష్టపోతున్నామో తాతయ్యకి అంకెల్లో చూపించాలని ఆయన ప్లాన్. మెషీన్ పోయింది, లెక్క క్యాసెట్‌లో ఉండిపోయింది, తోట గుత్తకే వెళ్ళింది. తర్వాత బావి పక్క సగం తోట అమ్మేశారు. ఆ చెట్లు ఇప్పుడు లేవు.

"బాగవుతుందా?" అని అడిగారు మావయ్య.

"ట్రై చేస్తా. కాకపోతే కొన్ని పార్టులు మార్చాలి, కొంచెం మోడిఫై చేయాలి."

"చెయ్యి. కానీ దేన్నీ కొయ్యకు. ఏం చేసినా మళ్ళీ మునుపటిలా పెట్టగలిగేలా ఉండాలి."

ఈ ఒక్క కండిషన్ వల్లే రిపేర్ పద్ధతిగా జరిగిందని ఇప్పుడు అనిపిస్తోంది.

స్టెప్ 1: ఆత్రంగా పవర్ ఇవ్వొద్దు

పాత మెషీన్ దొరకగానే అందరం చేసే మొదటి తప్పు, ప్లగ్ పెట్టి స్విచ్ వేయడం. 35 ఏళ్ళు మూలపడిన కెపాసిటర్లు ఏ స్థితిలో ఉన్నాయో మనకి తెలియదు. పైగా స్పెక్ట్రమ్‌కి ప్రత్యేకంగా ఒక బలహీనత ఉంది.

దీని మొదటి 16 కేబీ ర్యామ్ 4116 అనే ఎనిమిది చిప్‌లు. ఒక్కోదానికి మూడు వోల్టేజీలు కావాలి: +5, +12, మైనస్ 5. బయట నుంచి వచ్చేది 9 వోల్టులే. 7805 రెగ్యులేటర్ దాన్ని 5కి దించుతుంది. మిగతా రెండూ ఒక చిన్న కాయిల్, టీఆర్4, టీఆర్5 అనే రెండు ట్రాన్సిస్టర్లు ఉన్న కన్వర్టర్ సర్క్యూట్ నుంచి వస్తాయి. ఆ కన్వర్టర్ ఆగిపోయి మైనస్ 5 పోతే, మిగతా వోల్టేజీలు అందుతున్న 4116 చిప్‌లు చాలా త్వరగా పాడైపోతాయి. అంటే "ఒకసారి వేసి చూద్దాం" అనే ఆ కొద్ది సెకన్లలోనే బతికున్న చిప్‌లని కూడా మనమే చంపేయొచ్చు.

అందుకే ముందు పవర్ లేకుండా మల్టీమీటర్‌తో చెక్ చేశా. టీఆర్4 పూర్తిగా షార్ట్. పక్కన కాయిల్ మీద ఎనామెల్ నల్లగా మాడిపోయి ఉంది. వాసన ఎక్కడి నుంచి వచ్చిందో తేలింది.

స్టెప్ 2: బోరు మోటార్ షాపులో కంప్యూటర్ కాయిల్

టీఆర్4 అంటే జెడ్‌టీఎక్స్650. హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో తిరిగా, దొరకలేదు. దాని బదులు జెడ్‌టీఎక్స్651 వాడొచ్చు, అది ఆన్‌లైన్‌లో వచ్చింది. అసలు సమస్య కాయిల్. విదేశాల్లో హాబీ షాపులు అమ్ముతాయి, కానీ షిప్పింగ్ కాయిల్ కంటే ఎక్కువ.

మావయ్య కాయిల్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది వైండింగే కదరా. మన మోటార్ చుట్టే ఆయన చుట్టడా?" అన్నారు.

నేను నవ్వా. ఆయన నవ్వలేదు. బండి తీశారు.

నూజివీడు చుట్టుపక్కల తోటలన్నీ బోరు మోటార్ల మీదే. ఎండాకాలంలో వోల్టేజ్ పడిపోయి మోటార్లు కాలిపోతుంటాయి కాబట్టి వైండింగ్ షాపులు ఎప్పుడూ బిజీ. ఆ మేస్త్రి కాయిల్‌ని భూతద్దంలో చూసి, "రెండు చుట్లు వేరువేరుగా ఉన్నాయి, ఏది మొదలు, ఏది చివర రాసుకోండి" అన్నారు. అది చాలా కరెక్ట్ మాట. ఇందులో ఒక వైండింగ్ పవర్‌ది, రెండోది ఫీడ్‌బ్యాక్‌ది. ఫీడ్‌బ్యాక్ దిశ తిరగబడితే సర్క్యూట్ ఆసిలేట్ అవ్వదు. ప్రతి చుట్టూ విప్పుతూ లెక్కపెట్టి కాగితం మీద గీతలు గీశారు. మైక్రోమీటర్‌తో తీగ మందం కొలిచి అదే గేజ్ తీగ తీశారు. ఐదు హార్స్‌పవర్ మోటార్ల మధ్య కూర్చుని, గోరంత ఫెర్రైట్ మీద రాగి తీగ చుట్టి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు. "పని చేస్తే నాకొకసారి చూపించండి" అన్నారు.

కొత్త ట్రాన్సిస్టర్లు, కొత్త కాయిల్ పెట్టా. పదికి పైగా ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చా. ఈలోగా 4116 చిప్‌లు తీసేశా కాబట్టి వాటికి ప్రమాదం లేదు. పవర్ ఇచ్చి, ఖాళీ చిప్ స్థానాల్లో కొలిచా. 9వ కాలు దగ్గర 5, 8వ కాలు దగ్గర 12కి దగ్గర, 1వ కాలు దగ్గర మైనస్ 5. మోటార్ మేస్త్రి జిందాబాద్.

స్టెప్ 3: 128 కాళ్ళు, ఒక తప్పు

ఎనిమిది చిప్‌లు, ఒక్కోదానికి 16 కాళ్ళు. మొత్తం 128. పాడైన చిప్‌ని ఎలా తీయాలంటే, బతికించాలని చూడకుండా ముందు కట్టర్‌తో కాళ్ళు కత్తిరించి బాడీ తీసేయాలి, తర్వాత ఒక్కో కాలునీ వేడి చేసి లాగాలి. చిప్ పోయినా పర్లేదు, బోర్డు ముఖ్యం.

మొదటి ఆరు చిప్‌లు అలాగే తీశా. ఏడోది బతికే ఉందేమో, కత్తిరించడం ఎందుకులే అని మొత్తంగా వేడి చేసి లాగా. చిప్‌తో పాటు ఒక రాగి ట్రాక్ కూడా లేచి వచ్చింది. వెనక సన్నని జంపర్ వైర్ వేసి సరిచేశా, కానీ ఆ మచ్చ ఇక అలాగే ఉంటుంది. మావయ్యకి చూపించా. "సరేలే" అన్నారు, కానీ ఆ వైర్‌ని చాలాసేపు చూశారు.

అన్ని చోట్లా సాకెట్లు పెట్టా. ఇక్కడ ఒక డెసిషన్ తీసుకోవాలి. మళ్ళీ పాత 4116లే పెట్టాలా, 5 వోల్టులతోనే పనిచేసే ఈ కాలపు ర్యామ్ మాడ్యూల్ పెట్టాలా? నేను మాడ్యూల్ పెట్టా. కన్వర్టర్ మళ్ళీ ఎప్పుడైనా ఆగినా ర్యామ్ చావదు. సాకెట్ ఉంది కాబట్టి, ఎవరైనా ఒరిజినల్‌గా కావాలంటే మాడ్యూల్ పీకేసి చిప్‌లు గుచ్చుకోవచ్చు.

"మరి కాయిల్ చుట్టించడం వేస్టే కదా?" అని మీకు డౌట్ రావచ్చు. కాదు. రంగుల సిగ్నల్ తయారుచేసే ఎల్ఎమ్1889 అనే చిప్‌కి ఆ 12 వోల్టులు కావాలి. కన్వర్టర్ లేకపోతే రంగులు రావు.

స్టెప్ 4: కొయ్యకుండా చేసిన మోడ్స్

వీడియో: స్పెక్ట్రమ్ బయటికి ఇచ్చేది యాంటెన్నా సిగ్నల్, యూహెచ్ఎఫ్ 36వ ఛానెల్ మీద. ఇప్పటి టీవీల్లో అది ట్యూన్ చేయడం నరకం. లోపల మాడ్యులేటర్ డబ్బాలోకి వెళ్ళే రెండు వైర్లలో ఒకటి మామూలు కాంపోజిట్ వీడియో. దాన్ని మాడ్యులేటర్ నుంచి తప్పించి, మధ్యలో ఒక కెపాసిటర్ పెట్టి, బయట ఉన్న అదే సాకెట్‌కి కలిపా. కేస్‌కి కొత్తగా ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు. ఏవీ పోర్ట్ ఉన్న ఏ టీవీలో అయినా వస్తుంది. మీ స్మార్ట్ టీవీకి పసుపు సాకెట్ లేకపోతే 3.5 ఎంఎం ఏవీ అడాప్టర్ సపోర్ట్ ఉందేమో చూడండి.

రెగ్యులేటర్: 7805 మిగిలిన వోల్టేజీని వేడిగా మార్చి వదిలేస్తుంది. రెగ్యులేషన్ లేని పాతకాలం 9 వోల్టుల అడాప్టర్ 11 దాకా ఇస్తుంది. 11 వచ్చి 5కి దిగితే, ముప్పావు ఆంపియర్ దగ్గర నాలుగున్నర వాట్లు వేడే. మే నెల నూజివీడు ఎండలో కీబోర్డు కుడివైపు చెయ్యి పెట్టలేం. అదే మూడు కాళ్ళ సైజులో వచ్చే స్విచింగ్ రెగ్యులేటర్ పెట్టా. ఇప్పుడు చల్లగా ఉంటుంది. పాత 7805ని ఒక చిన్న కవర్‌లో వేసి పెట్టెలోనే పెట్టా.

పొలారిటీ: ఇది మోడ్ కూడా కాదు. అడాప్టర్ వైర్‌కి సిరీస్‌లో ఒక షాట్కీ డయోడ్ పెట్టా. తిరగబడ్డ అడాప్టర్ తగిలిస్తే కరెంట్ లోపలికే వెళ్ళదు. కొద్ది రూపాయల డయోడ్. 1990లో ఇదొక్కటి ఉండుంటే ఈ ఆర్టికల్ అవసరమే లేదు.

ఇవన్నీ అయ్యాక స్విచ్ వేస్తే ఒక్క క్షణం నల్ల తెర, తర్వాత తెల్లబడి, కింద 1982 నాటి కాపీరైట్ లైన్. అంతకు ముందు ర్యామ్ చచ్చినప్పుడు చారలు వచ్చేవి ఎందుకంటే, తెర మీద బొమ్మ కూడా ఆ మొదటి 16 కేబీలోనే ఉంటుంది. ర్యామ్‌లో చెత్త ఉంటే తెర మీద కూడా చెత్తే.

కానీ ఒక్క కీ కూడా పనిచేయలేదు. ఇది ముందే తెలిసిందే. కీల కింద ఉండే ప్లాస్టిక్ మెంబ్రేన్, దాని రెండు రిబ్బన్ తోకలు ఎండిపోయి ముట్టుకుంటే విరిగిపోతాయి. కొత్త మెంబ్రేన్లు ఇప్పటికీ హాబీ వాళ్ళ కోసం తయారవుతున్నాయి. తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా నేను క్యాసెట్ మీద పడ్డా.

స్టెప్ 5: క్యాసెట్

టేప్ మీద తెల్లగా బూజు. ప్రెషర్ ప్యాడ్ ఊడిపోయింది. టేప్‌ని జాగ్రత్తగా తీసి ఇంకో మంచి క్యాసెట్ డబ్బాలో ఎక్కించా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ప్లేయర్ హెడ్ ప్రతిసారీ తుడుస్తూ, యూఎస్‌బీ సౌండ్ కార్డ్‌తో ల్యాప్‌టాప్‌లోకి రికార్డ్ చేశా. ఒకే రూల్: బూజు పట్టిన టేప్‌ని మళ్ళీ మళ్ళీ తిప్పొద్దు. ఒక్కసారి మంచి రికార్డింగ్ తీసుకుని, పోరాటమంతా ఆ ఫైల్‌తో చేయాలి.

ఆ కీచు శబ్దంలో డేటా ఎలా ఉంటుందో తెలిస్తే భలే సింపుల్. ముందు కొన్ని సెకన్లు సుమారు 807 హెర్ట్జ్‌లో ఒకే స్వరం. తర్వాత డేటా. సున్నా అయితే పొట్టి తరంగం, అంటే సుమారు 2047 హెర్ట్జ్‌లో ఒక సైకిల్. ఒకటి అయితే దానికి డబుల్ పొడవు, సుమారు 1023 హెర్ట్జ్‌లో ఒక సైకిల్. అంతే. తరంగం సున్నా గీతని ఎప్పుడెప్పుడు దాటిందో కొలిస్తే బిట్లు వచ్చేస్తాయి. పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాశా. బూజు ఉన్న చోట్ల 11 బిట్లు పొట్టీ కాదు, పొడుగూ కాదు అన్నట్టు మధ్యలో ఉన్నాయి.

ప్రతి బ్లాక్ చివర ఒక చెక్ బైట్ ఉంటుంది. బైట్లన్నిటినీ ఎక్స్ఆర్ చేస్తే సున్నా రావాలి. రాకపోతే స్పెక్ట్రమ్ "టేప్ లోడింగ్ ఎర్రర్" అని ముఖం మీదే చెప్పేస్తుంది. 11లో చాలా వాటిని ప్రోగ్రామ్ అర్థాన్ని బట్టే సరిచేయగలిగా, ఎందుకంటే స్పెక్ట్రమ్ బేసిక్‌లో ప్రింట్ లాంటి ప్రతి కీవర్డూ ఒకే బైట్. తప్పు బైట్ ఉంటే లైన్‌కి అర్థమే ఉండదు. మిగతా వాటిని స్క్రిప్ట్ ఊహించింది. చెక్ చేస్తే సున్నా. సూపర్ అనుకున్నా.

రన్

మెంబ్రేన్ వచ్చిన ఆదివారం అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఫోన్‌లో వేవ్ ఫైల్, ఫోన్ నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ సాకెట్‌కి కేబుల్. మావయ్య లోడ్ టైప్ చేశారు. నేను ప్లే నొక్కా. తెర అంచుల్లో ఎరుపు, ఆకాశ నీలి (సియాన్) చారలు, తర్వాత నీలం, పసుపు చారలు. నిమిషం లోపే అయిపోయింది, ఎర్రర్ రాలేదు. మావయ్య ఆర్ కీ నొక్కారు. ఈ కంప్యూటర్‌లో రన్ మొత్తానికీ అదొక్క కీనే. 35 ఏళ్ళ తర్వాత కూడా ఆయన వేలు వెతుక్కోలేదు.

చెట్టు చెట్టుకీ కాయల లెక్క, కింద మొత్తం. మావయ్య ఏం మాట్లాడలేదు. లిస్ట్ కొట్టి, ఒక కాగితం తీసుకుని ఒక సీజన్ అంకెలు కూడటం మొదలుపెట్టారు. పది నిమిషాల తర్వాత తల ఎత్తారు.

"నలభై తేడా వస్తోంది రా."

తెర మీద మొత్తం కంటే కాగితం మీద మొత్తం 40 తక్కువ. నేను కూడా కూడా. నిజమే. లిస్ట్‌లో కనిపించే అంకెలు వేరు, మెషీన్ చెప్పే మొత్తం వేరు.

"పెట్టె లెక్క" అని మావయ్య నవ్వారు. కానీ ఆ నవ్వు నాకు బాగోలేదు. ర్యామ్ తప్పు చేస్తోందా? నా జంపర్ వైరా? ఆ రాత్రి మాడ్యూల్ తీసి పెట్టా, ర్యామ్ టెస్ట్ ప్రోగ్రామ్ రాసి గంటల తరబడి తిప్పా. ఒక్క తప్పు లేదు.

పొద్దున్న మళ్ళీ లిస్ట్ చూస్తుంటే మొట్టమొదటి లైన్ కంటపడింది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు రిమార్క్: "ఘెల్లి చెప్పిన లెక్క".

ఘెల్లి ఏంటి? చెల్లి అయ్యుండాలి. మొదటి అక్షరం సి కావాల్సిన చోట జి పడింది. సి కోడ్ 67, జి కోడ్ 71. ఒకే ఒక్క బిట్ తేడా. అది నా 11 అనుమానపు బిట్లలో ఒకటి, స్క్రిప్ట్ తప్పుగా ఊహించింది. మరి చెక్ బైట్ ఎందుకు పట్టుకోలేదు? ఎందుకంటే ఎక్స్ఆర్‌లో ఒకే స్థానంలో రెండు బిట్లు తప్పైతే అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే ఇంకెక్కడో, అదే స్థానంలో, ఇంకో బిట్ తప్పై ఉంది.

దొరికింది. బావి పక్క పెద్దరసం చెట్టు, లిస్ట్‌లో 1220. ఇక్కడే స్పెక్ట్రమ్ బేసిక్ నన్ను కాపాడింది. ప్రోగ్రామ్‌లో ప్రతి అంకెనీ ఇది రెండుసార్లు దాస్తుంది. ఒకటి మనకి కనిపించే అక్షరాలుగా, రెండోది దాని వెనకే, లిస్ట్‌లో కనబడని ఐదు బైట్లుగా. రన్ అయ్యేటప్పుడు వాడేది ఆ దాచినదాన్నే. ఆ ఐదు బైట్లు చూస్తే 0, 0, 236, 4, 0. నాలుగుని 256తో గుణిస్తే 1024, దానికి 236 కలిపితే 1260. అక్షరాల్లో 6 కోడ్ 54, 2 కోడ్ 50. తేడా మళ్ళీ అదే బిట్. కనిపించే అంకె తప్పు, దాచిన అంకె కరెక్ట్. కాగితం 40 తక్కువ చూపించింది, మెషీన్ మొదటి నుంచీ సరిగ్గానే కూడింది.

మావయ్యకి చెప్తే మొత్తం విని, "అయితే పెట్టె లెక్కే కరెక్టన్నమాట" అన్నారు. ఇంకేం అనలేదు.

రెండు బిట్లు సరిచేసి మళ్ళీ లోడ్ చేశాం. ఈసారి మొదటి లైన్ "చెల్లి చెప్పిన లెక్క". మావయ్యకి ఒక్కతే చెల్లి. మా అమ్మ. వంటింట్లో రసాలు పిండుతూ ఉంది.

"అమ్మా, ఈ లెక్క నువ్వు చెప్పావా?"

"మరి ఎవరు చెప్తారు? చెట్టు కింద గంపలు లెక్కపెట్టి రాసుకొచ్చి నేను చదివితే, మీ మావయ్య టకటకా కొట్టేవాడు. నన్ను మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు."

"మరి కంప్యూటర్ నాకేం తెలీదు అంటావు ఎప్పుడూ!"

"కంప్యూటర్ తెలీదు. కాయలు తెలుసు" అంది. చేతులు కడుక్కొచ్చి, కాసేపు తెర వైపు చూసి, బావి పక్క చెట్టు ఎక్కడుందో వేలితో చూపించింది. సాయంత్రం మోటార్ మేస్త్రిని కూడా పిలిచి చూపించాం.

మీరు ట్రై చేయాలంటే

పార్టులన్నీ కలిపి నాకు అయిన ఖర్చు ఒక మామూలు టీడబ్ల్యూఎస్ ఇయర్‌బడ్స్ ధర లోపే. అసలు ఖర్చు టైమే. మొదలుపెట్టే ముందు ఇవి గుర్తుపెట్టుకోండి:

పొలారిటీ, మూడు వోల్టేజీలు చూడకుండా పవర్ ఇవ్వొద్దు.
పాత చిప్ కంటే బోర్డు విలువైనది. కాళ్ళు కత్తిరించి తీయండి.
తీసిన ప్రతి పార్టూ దాచండి. రేపు ఎవరికైనా ఒరిజినల్ కావాలనిపించొచ్చు.
ఫోన్ నుంచి లోడ్ చేసేటప్పుడు వాల్యూమ్ దాదాపు ఫుల్, ఈక్వలైజర్, డాల్బీ ఆఫ్, ఏరోప్లేన్ మోడ్ ఆన్. మధ్యలో ఒక్క వాట్సాప్ టింగ్ పడితే లోడింగ్ పోయినట్టే.
ఇంట్లో పాత డేటా క్యాసెట్లు ఉంటే మెషీన్ బాగయ్యేదాకా ఆగొద్దు. ముందు రికార్డ్ చేసుకోండి. చిప్‌లు దొరుకుతాయి, టేప్ మీద ఊడిపోయిన పూత దొరకదు.

అసలు జెడ్80 తయారీ కూడా ముగింపుకొచ్చింది. దశాబ్దాల పాటు తయారైన ఆ చిప్‌కి 2024 జూన్‌తో ఆర్డర్లు ఆపేస్తున్నట్టు జైలాగ్ ప్రకటించింది. కాబట్టి మీ అటక మీద ఏదైనా ఉంటే ఈ ఎండాకాలమే దించండి.

ఫైనల్ వర్డిక్ట్

బాగున్నవి: స్విచ్ వేసిన రెండు సెకన్లలో రెడీ, అప్‌డేట్లు లేవు, స్క్రూడ్రైవర్‌తో మొత్తం విప్పొచ్చు, సర్క్యూట్ మొత్తం ఒక మనిషి బుర్రలో పడుతుంది.

బాగోలేనివి: కీబోర్డు మెత్తగా ఉంటుంది, మెంబ్రేన్ ఖర్చు, అడాప్టర్ పిన్ తిరగబడితే ప్రాణం పోతుంది.

కొనొచ్చా? కొనక్కర్లేదు. మీ ఇంట్లో ఉంటే మాత్రం పారేయకండి. మా స్పెక్ట్రమ్ మళ్ళీ అటక ఎక్కలేదు, టీవీ పక్కనే ఉంది. ఈ ఏడు మిగిలిన చెట్ల లెక్క కూడా అందులోకే వెళ్తోంది. అమ్మ చదువుతోంది, మావయ్య కొడుతున్నారు. ఈసారి బ్యాకప్ నా ఫోన్‌లో ఉంది.